ఇంటిలో పెరిగే అడవితీగ

పాఠ్యభాగ ఉద్దేశం

నిత్యం కళ్ళెదుట ఉండే వస్తువును సైతం శాస్త్రీయ దృష్టితో పరిశీలించడం విద్యార్థులకు అలవడాలి. తెలుగువారి ఇళ్ళలో విరివిగా కనిపించే మనీప్లాంటు పుట్టుపూర్వోత్తరాలు, దాని స్వభావం, పెంపకంలో పాటించవలసిన మెలకువలు, దానిని గురించి ప్రచారంలో ఉన్న నమ్మకాలలోని నిజానిజాలు ఈ పాఠంలో వివరించబడ్డాయి.

పాఠ్యభాగం

పట్టణాలలోని ఇరుకు ఇళ్ళలో, బ్యాంకు కౌంటర్ల మీద, వైద్యుల కోసం రోగులు ఎదురుచూసే గదులలో, కళాశాలల కార్యాలయాలలో ఒక తీగమొక్క తప్పక కనిపిస్తుంది. ఖాళీ అయిన హార్లిక్స్ సీసాలో నీళ్ళు పోసి నిలిపిన చిన్న కొమ్మ అయినా, కిటికీ ఊచలకు పురికొసతో కట్టి పాకించిన పొడవాటి తీగ అయినా అది మనీప్లాంటే. హృదయాకారంలో ఉండే నున్నని పచ్చని ఆకులు, వాటి మీద ఎవరో కుంచెతో చిలకరించినట్లు పసుపు, తెలుపు చారలు దాని గుర్తులు. కొని తెచ్చుకొన్న తీగకంటే పొరుగింటినుండి అడగకుండా తుంచి తెచ్చుకొన్న తీగే ఇంటికి సంపద తెస్తుందని ఒక నమ్మకం ఉంది. ఈ నమ్మకంవల్ల మనుషులకు సంపద కలిగినా కలగకపోయినా, మొక్కకు మాత్రం గొప్ప మేలు జరిగింది. పైసా ఖర్చు లేకుండా అది ఇంటినుండి ఇంటికి, వీధినుండి వీధికి ప్రయాణం చేసింది.

ఈ మొక్కను గురించి తరచుగా వినిపించే మాట మరొకటి ఉంది: "దానికి ఏమీ చేయనక్కరలేదు, ఎలా ఉంచినా బతుకుతుంది." ఈ మాటలో సగమే నిజం. బతకడం వేరు, పెరగడం వేరు. చీకటి మూలలో సంవత్సరాల తరబడి నాలుగైదు ఆకులతో నిలిచి ఉండే తీగ బతికే ఉంటుంది. కాని అది తన శక్తిలో పదోవంతు కూడా చూపడం లేదు. ఇంటిలోని మనీప్లాంటు దాదాపు ఎప్పుడూ బాల్యదశలోనే ఉండిపోతుందన్న విషయం దానిని ఏళ్ళ తరబడి పెంచినవారిలో కూడా చాలామందికి తెలియదు. ఎందుకు అలా జరుగుతుందో గ్రహించాలంటే ముందుగా ఆ తీగ ఎక్కడ పుట్టిందో, అక్కడ ఎలా జీవించిందో తెలుసుకోవాలి.

మనీప్లాంటు భారతదేశపు మొక్క కాదు. దాని జన్మస్థలం పసిఫిక్ మహాసముద్రం నడుమ ఫ్రెంచి పాలినీషియాలోని మూరియా అనే చిన్న దీవి. ఇది తాహితీ దీవికి పొరుగున ఉంది. 1880లో జాఁ లిండెన్, ఎడ్వర్డ్ ఆంద్రే అనే ఉద్యానశాస్త్రజ్ఞులు దీనికి మొదటిసారిగా 'పోతోస్ ఆరియస్' అని శాస్త్రీయ నామం పెట్టారు. ఆనాడు దీని స్వస్థలం సాలమన్ దీవులని భావించారు. ఆ పొరపాటు చాలాకాలం కొనసాగింది. తరువాతి కాలంలో పేరు కూడా పలుమార్లు మారింది. ఒక మొక్క ఏ ప్రజాతికి చెందినదో నిర్ణయించడానికి వృక్షశాస్త్రజ్ఞులు ప్రధానంగా పువ్వును ఆధారం చేసుకొంటారు. ఈ తీగ పువ్వును చూసినవారే అరుదు కావడంతో దానిని ఒకరు ఒక ప్రజాతిలో, ఇంకొకరు ఇంకొక ప్రజాతిలో చేరుస్తూ వచ్చారు. 1960ల ఆరంభంలో ఒక తీగ పుష్పించిన తరువాతనే కొంత స్పష్టత వచ్చి, 1964లో బంటింగ్ అనే శాస్త్రజ్ఞుడు దానికి ఇప్పటి పేరైన 'ఎపిప్రెమ్నమ్ ఆరియమ్'ను స్థిరపరిచాడు. గ్రీకు భాషలో 'ఎపి' అంటే 'మీద' అని, 'ప్రెమ్నన్' అంటే 'చెట్టు మొదలు' అని అర్థం. లాటిన్‌లో 'ఆరియమ్' అంటే బంగారు వన్నె కలది. చెట్టు మొదలు మీద పాకే బంగారు తీగ అన్నమాట. పెంపకానికి సంబంధించిన రహస్యమంతా ఈ పేరులోనే ఇమిడి ఉంది. విదేశాలలో పూలమొక్కల వ్యాపారులు మాత్రం నేటికీ దీనిని పాత పేరుతో 'పోతోస్' అనే పిలుస్తారు.

ఉష్ణమండలపు దట్టమైన అడవిలో నేలమీద వెలుతురు చాలా తక్కువ. మహావృక్షాల కొమ్మలు ఆకాశాన్ని కప్పివేయగా, వాటి సందులలోనుండి జారిపడే వెలుగుతోనే కింది మొక్కలు జీవించాలి. తమ కాండంతో తాము నిటారుగా నిలబడలేని తీగలు పెద్ద చెట్టును ఆశ్రయించి పైకి ప్రాకుతాయి. అయితే నేలమీద ఉన్న లేత తీగకు చెట్టు ఎక్కడ ఉన్నదో ఎలా తెలుస్తుంది? 1975లో స్ట్రాంగ్, రే అనే శాస్త్రజ్ఞులు కోస్టారికా అడవులలో మనీప్లాంటు కుటుంబానికే చెందిన ఒక మాన్‌స్టెరా తీగను పరిశీలించి ఆశ్చర్యకరమైన విషయాన్ని ప్రకటించారు. దాని మొలకలు వెలుతురు వైపు కాక, చీకటి వైపు ప్రాకుతున్నాయి. దగ్గరలోని లావైన చెట్టు మొదలే ఆ చీకటి. చెట్టును చేరుకొన్న తరువాత ఆ తీగ దిశ మార్చుకొని వెలుగు కోసం పైకి ఎగబ్రాకుతుంది. మొక్కలన్నీ పుట్టినది మొదలు వెలుతురు వైపే వంగుతాయని చదువుకొన్నవారికి ఇది వింతగా తోస్తుంది.

చెట్టు దొరికిన మనీప్లాంటు ప్రతి కణుపు వద్ద గాలివేళ్ళను తొడుగుతుంది. ఆ వేళ్ళు బెరడును గట్టిగా పట్టుకొంటాయి, దానిమీది తేమను పీల్చుకొంటాయి. తీగ పైకి పోయేకొద్దీ కాండం లావెక్కుతుంది, ఆకులు పెద్దవి అవుతాయి. ఇంటిలో అరచేయి అంత ఉండే ఆకు అక్కడ మూడడుగుల పొడవుకు చేరి, అంచులలో లోతైన చీలికలు పొందుతుంది. ఇరవై మీటర్ల ఎత్తు వరకు ఈ తీగ ప్రాకగలదు. తీరప్రాంతపు పాత తోటలలో మామిడి లేదా కొబ్బరి చెట్టు మొదట్లో ఎవరో ఎప్పుడో నాటిన మనీప్లాంటు ఇలా విస్తరించి ఉండడం చూడవచ్చు. చూసినవారు దానిని వేరే మొక్క అనుకొంటారు గాని, సీసాలోని తీగకు అది పెద్దవయసు రూపమని ఊహించరు. పెద్ద ఆకుకు మూలం వయసు ఒక్కటే కాదు, ఆధారం దొరకడం, పైకి ప్రాకడం. ఆధారం లేక కిందికి వేలాడే తీగ ఎన్నేళ్ళు గడిచినా చిన్న ఆకులనే వేస్తుంది. కణుపుల మధ్య దూరం పెరిగి బలహీనంగా సాగిపోతుంది. అది ఇంకా చెట్టు కోసం వెదుకుతున్నదన్నమాట.

ఇంటిలో ఈ లోపాన్ని సవరించడం కష్టం కాదు. రెండు మూడు అడుగుల కర్రకు కొబ్బరిపీచును మందంగా చుట్టి, తాడుతో బిగించి కుండీ మధ్యలో పాతాలి. తీగను దానికి ఆనించి, గాలివేళ్ళు మొలిచే వైపు పీచుకు తగిలేటట్లు అక్కడక్కడా వదులుగా కట్టాలి. పీచు మీద అప్పుడప్పుడు నీళ్ళు చిలకరిస్తూ తడిగా ఉంచాలి. ఎండిన కర్రను వేళ్ళు పట్టుకోవు. కొన్ని నెలలలో కొత్తగా వచ్చే ఆకు ముందటి ఆకుకంటే వెడల్పుగా ఉండడం కంటికి కనిపిస్తుంది. తెలుగు రైతులకు ఈ విద్య కొత్తది కాదు. గుంటూరు జిల్లాలో పొన్నూరు ప్రాంతపు తమలపాకు తోటలలో తీగలకు ఆధారంగా అవిసె మొక్కలను పెంచుతారు. అవిసె నీడ, తోటలోని తేమ, చేతికి అందే ఆధారం ఈ మూడూ కలిసి తమలపాకు తీగకు చిన్న అడవిని కల్పిస్తాయి. అయితే ఒక భేదం ఉంది. తమలపాకు తీగ మరీ ఎత్తుకు పోతే ఆకు చిన్నదవుతుంది కనుక రైతులు దానిని కిందికి దించి చుట్టి మళ్ళీ పాకిస్తారు. మనీప్లాంటు ఎత్తుకు పోయేకొద్దీ ఆకు పెద్దదవుతుంది. రెండూ తీగలే, రెండింటికీ కణుపు వేళ్ళే పట్టు. అయినా ఒకదానికి పనికివచ్చిన పద్ధతి రెండవదానికి పనికిరాదు.

వెలుతురు విషయంలో రెండు రకాల పొరపాట్లు జరుగుతుంటాయి. అడవి నీడలో పుట్టిన మొక్క కదా అని కొందరు గది లోపలి మూలలో ఉంచుతారు. కిటికీనుండి రెండు మీటర్లు లోపలికి జరిగేసరికి వెలుతురు ఎన్నో రెట్లు తగ్గిపోతుంది. మనిషి కన్ను ఆ మార్పుకు వెంటనే సర్దుకొంటుంది కనుక ఆ తగ్గుదల మనిషికి తెలియదు; మొక్కకు తెలుస్తుంది. మరికొందరు వెలుతురు కావాలని మే నెల మధ్యాహ్నపు ఎండలో పెడతారు. ఒక్క రోజులోనే ఆకులు మాడి గోధుమరంగు మచ్చలు పడతాయి. మాడిన భాగం తిరిగి పచ్చబడదు. తూర్పు కిటికీ పక్కన ఉదయపు లేత ఎండ తగిలే చోటు గాని, పలుచని తెర చాటున వెలుతురు పరచుకొనే చోటు గాని దీనికి తగినది. మొక్క ఉన్న చోట చేయి చాపి చూస్తే అంచులు మసకబారిన నీడ పడాలి. నీడ అసలు పడకపోతే వెలుతురు చాలదు. కత్తితో కోసినట్లు నీడ పడితే ఎండ ఎక్కువైనట్లు.

ఆకుల మీది పసుపు, తెలుపు చారలు కూడా వెలుతురుతో ముడిపడినవే. ఆ భాగాలలో పత్రహరితం ఉండదు, లేదా చాలా తక్కువగా ఉంటుంది. అంటే అవి మొక్కకు ఆహారం తయారుచేయడంలో తోడ్పడవు. తెల్లని చారలు ఎక్కువగా ఉండే 'మార్బుల్ క్వీన్' రకం మిగిలిన రకాలకంటే నిదానంగా పెరగడానికి కారణం ఇదే. చీకటిలో ఉంచిన తీగ చారలను తగ్గించుకొని పూర్తి పచ్చని ఆకులు వేయడం మొదలుపెడుతుంది. దానిని చూసి మొక్క చెడిపోయిందని విచారించనక్కరలేదు. అది ఆకలికి చేసుకొన్న ఏర్పాటు. మళ్ళీ చారలు కావాలంటే వెలుతురు పెంచి, చారలున్న ఆఖరి ఆకు పైన తీగను కత్తిరించాలి. ఆ కణుపునుండి పుట్టే కొత్త చిగురు సాధారణంగా చారలతోనే వస్తుంది.

ఇళ్ళలో మనీప్లాంట్లు చనిపోవడానికి నీరు లేకపోవడంకంటే నీరు ఎక్కువ కావడమే తరచుగా కారణమవుతుంది. మట్టి రేణువుల మధ్య ఉండే సన్నని ఖాళీలలో గాలి నిలిచి ఉంటుంది. వేళ్ళు శ్వాసించేది ఆ గాలినే. రోజూ నీళ్ళు పోస్తే ఆ ఖాళీలన్నీ నీటితో నిండిపోయి వేళ్ళకు ఊపిరి ఆడదు. ఊపిరాడని వేళ్ళు నల్లబడి మెత్తబడి శిలీంధ్రాలకు ఆహారమవుతాయి. కుళ్ళిన వేరు నీటిని పీల్చలేదు. అందువల్ల నీటి మధ్యలో ఉండి కూడా ఆకులు వాడిపోతాయి. వాడిన ఆకులను చూసి యజమాని దాహమనుకొని మరికొంత నీరు పోస్తాడు. ప్రేమతో చేసిన ఆ పనే మొక్క ప్రాణం తీస్తుంది. వ్యవసాయంలో ఆరితేరినవారు కూడా కుండీ మొక్క దగ్గర ఈ పొరపాటు చేయడం కద్దు. ఎందుకంటే పొలంలో ఎక్కువైన నీరు నేలలోకి ఇంకిపోతుంది. కుండీలో పోవడానికి చోటు లేదు.

కనుక ఇన్ని రోజులకు ఒకసారి నీరు పోయాలి అనే లెక్క కంటే మట్టిని పరీక్షించడం మేలు. చూపుడువేలిని రెండు కణుపుల లోతుకు మట్టిలో దించి చూడాలి. తడి తగిలితే ఆనాడు నీరు అవసరం లేదు. పొడిగా ఉంటే కుండీ అడుగు రంధ్రంనుండి కారేటంతవరకు నిండుగా పోసి, కింది పళ్ళెంలో నిలిచిన నీటిని పారబోయాలి. రోజూ కొంచెం కొంచెం పోయడంకంటే అప్పుడప్పుడు నిండుగా పోయడం మంచిది. వేసవిలో వడగాలులు వీచే రోజులలో మట్టి త్వరగా ఆరిపోతుంది. వానకాలంలో, చలికాలంలో వారం పది రోజులైనా తడి ఆరదు. ఒకే ఇంటిలో ఒకే మొక్కకు చైత్రంలో సరిపోయిన పద్ధతి మార్గశిరంలో హాని చేస్తుంది.

ఆకులు చెప్పే మాటను తెలుసుకోగలిగితే సగం రోగాలు ముందే తెలుస్తాయి. కింది ఆకులు ఒకదాని తరువాత ఒకటి మెత్తగా పసుపుపచ్చబడుతుంటే నీరు ఎక్కువైందని అర్థం. ఆకులు వడలి, అంచులు పెళుసుగా ఎండుతుంటే నీరు చాలలేదని అర్థం. ఈ రెండవ స్థితినుండి మొక్క ఒక పూటలో తేరుకొంటుంది. నీరు సరిగా పోస్తున్నా ఆకుల కొనలు గోధుమరంగుకు మారి, కుండీ అంచున తెల్లని పొర పేరుకొంటే బోరునీటిలోని లవణాలు మట్టిలో చేరుతున్నాయని గ్రహించాలి. అటువంటి చోట వాననీటిని పట్టి వాడడం శ్రేయస్కరం. ముసలి ఆకు ఒకటి అప్పుడప్పుడు పండి రాలడం సహజమే. ఇక ఉదయం వేళ ఆకు కొనన నిలిచే నీటిబొట్టు మంచు కాదు. రాత్రివేళ వేళ్ళు పంపిన నీరు ఎక్కువై ఆకు కొసనుండి అలా బయటికి వస్తుంది. అది రోగలక్షణం కాదు గాని, ప్రతి ఉదయమూ కనిపిస్తుంటే మట్టిలో తడి నిండుగా ఉందని గుర్తించవచ్చు.

కుళ్ళు మొదలైన మొక్కను కుండీనుండి జాగ్రత్తగా పెరికి, నల్లబడి వాసన వేస్తున్న వేళ్ళను శుభ్రమైన కత్తెరతో తీసివేసి, కొత్త మట్టిలో నాటాలి. కాండం మొదలే మెత్తబడితే దానిమీద ఆశ వదులుకొని పైభాగంలోని గట్టి కొమ్మలను కత్తిరించి వేరుగా బతికించుకోవాలి. మట్టి విషయానికి వస్తే, బంకమట్టి ఒక్కటే నింపడం తగదు. ఎర్రమట్టి, కొబ్బరిపొట్టు, వానపాముల ఎరువు సమపాళ్ళలో కలిపి గుప్పెడు ఇసుక చేర్చితే నీరు నిలవక, తేమ పోక రెండు విధాలా అనుకూలిస్తుంది. పెరుగుదల చురుకుగా ఉండే వానకాలంలో నెలకొకసారి కొద్దిగా ఎరువు వేస్తే చాలు. నెలకు రెండుసార్లు తడిగుడ్డతో ఆకుల మీది దుమ్మును తుడవాలి. ఆ పని చేసేటప్పుడే ఆకు అడుగుభాగాన, కణుపు సందులలో దూదిపింజల వంటి పిండినల్లి కనిపిస్తే బయటపడుతుంది. లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీరు కలిపి సాయంకాలం వేళ చల్లితే అది అదుపులోకి వస్తుంది.

మనీప్లాంటు చరిత్రలో అన్నింటికంటే విచిత్రమైన అంశం దాని పుష్పించని గుణం. ఎన్నో ఏళ్ళు పెంచినా, తగిన చెట్టు మీదికి పాకించినా అది దాదాపు ఎన్నడూ పూయదు. 2016లో ప్రచురితమైన ఒక పరిశోధన దీనికి కారణాన్ని వెల్లడించింది. మొక్కలలో పుష్పించే ప్రక్రియకు తోడ్పడే జిబ్బరెల్లిన్ అనే హార్మోను తయారీకి అవసరమైన ఒక జన్యువు ఈ తీగలో సరిగా పనిచేయడం లేదు. శాస్త్రజ్ఞులు ఆ హార్మోనును బయటినుండి చల్లినప్పుడు తీగ పుష్పించింది. పువ్వు లేనప్పుడు కాయ లేదు, విత్తనం లేదు. మరి ఈ మొక్క ప్రపంచమంతా ఎలా వ్యాపించింది? కత్తిరించిన కొమ్మల ద్వారానే. పసిఫిక్ దీవినుండి యూరపుకు, అక్కడినుండి దేశదేశాలకు, చివరికి పొరుగింటి కుండీనుండి ఈ ఇంటి సీసాకు చేర్చింది మనిషి చేయే. రంగులలో వచ్చిన కొద్దిపాటి మార్పులను మినహాయిస్తే, హైదరాబాదు వరండాలోని తీగ, న్యూజెర్సీలో తెలుగువారి వంటింటి కిటికీలోని తీగ ఒకే వంశవృక్షంలోని రెండు కొమ్మలు అనడంకంటే, ఒకే మొక్కకు చెందిన రెండు ముక్కలు అనడం సమంజసం.

కొమ్మను కత్తిరించే పద్ధతి తెలిసి చేయాలి. ఆకు కాడ కాండాన్ని కలిసే ఉబ్బెత్తు భాగమే కణుపు. కొత్త వేరు గాని, కొత్త చిగురు గాని పుట్టేది అక్కడినుండే. కనుక కణుపుకు అర అంగుళం కింద కోసి, ఒకటి రెండు ఆకులతో తీసుకోవాలి. కణుపు లేకుండా ఆకును మాత్రమే తుంచి నీటిలో పెడితే అది కొంతకాలం పచ్చగా ఉంటుంది, ఒక్కొక్కప్పుడు వేళ్ళు కూడా తొడుగుతుంది. కాని తీగ ఎన్నటికీ సాగదు. నీటిలో కణుపు మాత్రమే మునగాలి, ఆకు మునగరాదు. రెండు మూడు వారాలలో వేళ్ళు వస్తాయి. అవి రెండంగుళాలు పెరగగానే మట్టిలోకి మార్చడం మంచిది. చాలాకాలం నీటిలో పెరిగిన వేళ్ళు నీటికి అలవాటుపడి మట్టిలో త్వరగా కుదురుకోలేవు.

ఎప్పటికీ నీటిలోనే పెంచదలచినవారు ఒక ముఖ్యమైన విషయాన్ని మరువరాదు. డెంగీ జ్వరాన్ని వ్యాపింపజేసే ఏడిస్ దోమ మురికికాలువలకంటే ఇళ్ళలో నిలువ ఉన్న శుభ్రమైన నీటినే ఎక్కువగా ఇష్టపడుతుంది. మనీప్లాంటు సీసా దానికి తగిన నెలవు. అనుకూలమైన వాతావరణంలో గుడ్డు దోమగా మారడానికి వారం పదిరోజులు చాలు. అందుచేత వారానికొకసారి నీరు తప్పనిసరిగా మార్చాలి. నీటిని పారబోసి మళ్ళీ నింపినంత మాత్రాన సరిపోదు. ఏడిస్ దోమ గుడ్లను నీటి అంచున సీసా గోడకు అంటిపెడుతుంది; అవి ఎండినా నెలల తరబడి చావక, మళ్ళీ నీరు తగలగానే పొదుగుతాయి. సీసా లోపలి గోడను పీచుతో తోమి కడిగినప్పుడే అవి తొలగిపోతాయి. సీసా మూతిని దూదితో గాని, సన్నని వలగుడ్డతో గాని మూసి ఉంచడం మరింత క్షేమం. ఇంటిలో అందం కోసం ఉంచిన మొక్క పక్కింటి పసివాడి జ్వరానికి కారణం కావడం ఊహామాత్రం కాదు.

పసిపిల్లలు, పెంపుడు జంతువులు ఉన్న ఇళ్ళలో ఇంకొక జాగ్రత్త అవసరం. మనీప్లాంటు చేమ, కంద కుటుంబానికి చెందినది. ఈ మొక్కల కణాలలో కాల్షియం ఆక్సలేటు స్ఫటికాలు సూదుల కట్టలవలె ఉంటాయి. ఆకును కొరికితే అవి నోటిలో, నాలుకపై గుచ్చుకొని మంట, వాపు పుట్టిస్తాయి. కందకు లేని దురద బచ్చలికెందుకన్న సామెత పుట్టింది ఈ స్ఫటికాలవల్లనే. కందను ఉడికించి, చింతపండు చేర్చి తెలుగు గృహిణులు దాని దురదను పోగొడతారు. మనీప్లాంటుకు ఆ ఉపాయం వర్తించదు, అది ఏ విధంగానూ తినదగినది కాదు. సాధారణంగా ఇది ప్రాణాపాయం కలిగించకపోయినా, పిల్లి, కుక్క, పాకే వయసు బిడ్డ అందుకొనే ఎత్తులో దీనిని ఉంచరాదు. తీగ కత్తిరించిన చేతులను వెంటనే కడుక్కోవాలి.

మనీప్లాంటు గదిలోని గాలిని శుభ్రపరుస్తుందని మొక్కలు అమ్మేవారు గట్టిగా చెబుతుంటారు. ఈ ప్రచారానికి మూలం 1989లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా తరఫున వుల్వర్టన్ జరిపిన ప్రయోగాలు. మూసివేసిన చిన్న పెట్టెలలో మొక్కలను ఉంచినప్పుడు వాటిలోని కొన్ని విషవాయువులు తగ్గిన మాట నిజమే. అయితే ఇల్లు మూసిన పెట్టె కాదు. 2019లో కమింగ్స్, వేరింగ్ అనే పరిశోధకులు అంతకుముందు జరిగిన అనేక ప్రయోగాల ఫలితాలను కలిపి లెక్కించారు. మామూలు భవనంలో గాలి వచ్చిపోవడంవల్ల జరిగే మేలును మొక్కలద్వారా సాధించాలంటే ఒక్క చదరపు మీటరుకు పదినుండి వేయి మొక్కలు కావలసి ఉంటుందని తేల్చారు. అన్ని మొక్కలు పెట్టిన గదిలో మనుషులకు చోటుండదు. కిటికీ తెరవడం అంతకంటే సులభం. 2018లో అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు కుందేలు జన్యువును మనీప్లాంటులో ప్రవేశపెట్టి, క్లోరోఫామ్, బెంజీన్ వాయువులను విచ్ఛిన్నం చేయగల తీగను రూపొందించారు. ఈ ప్రయోగానికి మనీప్లాంటును ఎన్నుకోవడానికి గల కారణాలలో దాని పుష్పించని గుణం ఒకటి. పువ్వు పూయదు కనుక మార్చిన జన్యువు పుప్పొడి ద్వారా బయటికి వ్యాపించే భయం లేదు.

విత్తనం లేని మొక్క ఎవరికి అపకారం చేయగలదని అనిపించవచ్చు. శ్రీలంకలోని కాండీ నగరాన్ని ఆనుకొని ఉన్న ఉడవట్టకెలె అభయారణ్యం దీనికి సమాధానం చెబుతుంది. అక్కడ మనీప్లాంటు అడవిలో ప్రవేశించి నేలను దట్టంగా కప్పివేసి, చెట్లపైకి ప్రాకి, స్థానిక మొక్కల మొలకలకు వెలుతురు అందకుండా చేసింది. దానిని తినే సహజశత్రువులు అక్కడ లేవు. అమెరికాలోని ఫ్లోరిడా, హవాయి ప్రాంతాలలో కూడా ఈ తీగ తోటలనుండి తప్పించుకొని పెరుగుతున్నది. గింజ లేకుండా అది ఇంత దూరం పోవడానికి కావలసింది ఒక్కటే: కత్తిరించి పారేసిన ముక్క. గోడ అవతల, కాలువ గట్టున, కొండవాలున విసిరేసిన ప్రతి ముక్కలోనూ కణుపు ఉంటుంది.

అందుచేత తీగను కత్తిరించిన తరువాత మిగిలిన ముక్కలను ఏం చేయాలన్నది కూడా పెంపకంలో భాగమే. వాటిని వీధిలో గాని, ఖాళీ స్థలంలో గాని పారవేయరాదు. పచ్చిగా ఉండగానే ఎరువుగుంటలో వేయరాదు. డాబా మీద ఎండలో పరచి, కాడలు చేతితో విరిస్తే పటుక్కుమనేంతవరకు ఎండనిచ్చి, ఆ తరువాతనే గుంటలో వేయాలి. వేసవిలో ఇందుకు కొద్ది రోజులు చాలు. వానకాలంలో మాత్రం కాడలు ఎండక, పడి ఉన్న చోటనే కణుపులనుండి వేళ్ళు తొడుగుతాయి. కాబట్టి ఆ కాలంలో కత్తిరించిన ముక్కలను కుండీలలో నాటి అడిగినవారికి ఇవ్వడమే అనువైన మార్గం.

కఠిన పదాలు – అర్థాలు

పుట్టుపూర్వోత్తరాలు : జన్మవృత్తాంతం, పూర్వచరిత్ర
ప్రజాతి : దగ్గరి పోలికలు గల జాతుల సముదాయం
కణుపు : కాండం మీద ఆకు, వేరు, చిగురు పుట్టే చోటు
పత్రహరితం : ఆకులకు పచ్చదనాన్నిచ్చే పదార్థం
శిలీంధ్రం : బూజు, కుక్కగొడుగు వంటి జీవి
కద్దు : కలదు, ఉన్నది
నెలవు : నివాసస్థానం
శ్రేయస్కరం : మేలు కలిగించేది

అభ్యాసం

అ) కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. అడవిలోని మనీప్లాంటుకు, ఇంటిలోని మనీప్లాంటుకు గల భేదాలను, వాటికి కారణాలను వివరించండి.
2. "ప్రేమతో చేసిన ఆ పనే మొక్క ప్రాణం తీస్తుంది" – ఈ వాక్యాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి.

ఆ) కింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. మనీప్లాంటు శాస్త్రీయ నామం పలుమార్లు మారడానికి కారణమేమి?
2. నీటి సీసాలో మనీప్లాంటును పెంచేవారు పాటించవలసిన జాగ్రత్తలేవి?
3. తమలపాకు తీగకు, మనీప్లాంటుకు గల పోలికను, భేదాన్ని తెలపండి.

ఇ) భాషాభ్యాసం
1. హృదయాకారం, ప్రాణాపాయం, మహావృక్షం – ఈ పదాలను విడదీసి సంధులను లేదా సమాసాలను గుర్తించండి.
2. మొక్కలకు సంబంధించిన అయిదు తెలుగు సామెతలను సేకరించి, వాటిని ఉపయోగించే సందర్భాలను రాయండి.